తొట్టి అడుగున పింగాణీ పెంకు

పెనుకొండలో మా పెరటి తొట్టి అడుగున, తూర్పు గోడకు జానెడు ఇవతల, ఒక తెల్లని పింగాణీ పెంకు సిమెంటులో పొదిగి ఉంటుంది. పగిలిపోయిన సాసరులో అది పావు భాగం. అంచున ఒక నీలం గీత. దాన్ని అక్కడ అతికించింది మా నాయన. ఆయన పట్టునూలుకు రంగులు అద్దేవాడు. అద్దిన నూలును ఈ తొట్టి నీళ్ళలో జాడించి, ఆరబెట్టి, మూట కట్టి, రైల్లో ధర్మవరం తీసుకుపోయి మగ్గాల ఇళ్ళలో ఇచ్చి వచ్చేవాడు. జాడింపు ఎప్పుడు చాలించాలన్న ప్రశ్నకు ఆయన దగ్గర ఒకే జవాబు ఉండేది. పెంకు తెల్లగా, దాని గీత నీలంగా కనబడితే నూలు రంగు వదలడం మానినట్టు. పెంకు ఎర్రబారి కనబడితే నీళ్ళు మార్చి మళ్ళీ జాడించవలసిందే. పనివాళ్ళు "చాలునా సామీ?" అని అడిగితే ఆయన తల ఎత్తకుండా, "నన్నెందుకు అడుగుతావబ్బా? పెంకునడుగు" అనేవాడు. వానలు అరుదైన మా ఊళ్ళో ఆయన నల్ల గొడుగు మాత్రం ఏడాది పొడవునా తొట్టి పక్కనే ఉండేది. అది ఎండ కోసమని నేను యాభై ఏళ్ళు దాటేదాకా నమ్మాను. ఏ ఆధారమూ అడగకుండా నేను నమ్మిన కొద్ది సంగతుల్లో అదొకటి.

నేను హిందూపురంలో ఒక కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతాను. రోజూ పొద్దున రైలెక్కి పోయి సాయంత్రం తిరిగి వస్తాను. ఎవరేం చెప్పినా "ఎట్లా తెలుసు?" అని అడగడం నా వృత్తి నేర్పిన అలవాటు, ఇంట్లో వాళ్ళ దృష్టిలో అది రోగం. నాయన పోయాక అద్దకం ఆగిపోయింది. తొట్టి చాలా ఏళ్ళు విరిగిన కుర్చీలకు, పాత పీపాలకు కొట్టుగా మిగిలింది. అన్న, వదిన ధర్మవరంలో చీరల వ్యాపారంలో స్థిరపడ్డారు. పెనుకొండ ఇల్లు మా ఇద్దరిదీ అయినా అందులో ఉండేది నేనొక్కదాన్నే. ఐదేళ్ళ కిందట తొట్టిని ఖాళీ చేయించి, గోడలు సున్నంతో రుద్దించి, మూడుసార్లు నింపి మూడుసార్లు తోడించాను. నాలుగోసారి నింపి, పది గప్పీ చేపలను నెలరోజులు అందులో వదిలి చూశాను. అవి చావకపోగా పిల్లలు పెట్టాయి. అప్పుడుగానీ గోల్డ్‌ఫిష్ తెచ్చి వదల్లేదు. ఆ ఇంట్లో పూర్తిగా నా ఇష్టప్రకారం జరిగిన మొదటి పని అదే. సాయంత్రం రైలు దిగి వచ్చి, చెప్పులు విప్పకుండానే తొట్టి గట్టున కూర్చునే ఆ అరగంట కోసమే నాకు మిగతా రోజంతా గడిచేది.

పోయిన ఏడాది చలికాలం ముగిసేటప్పుడు అన్నకు గుండెనొప్పి వచ్చింది. బెంగుళూరు తీసుకుపోయి స్టెంటు వేయించాం. కోలుకున్నాక ఆయన ఒక వాస్తు సిద్ధాంతిని కలిశాడు. ఆ సిద్ధాంతి పెనుకొండ రాలేదు. వదిన ఫోనులో తీసిన వీడియో చూసి, ధర్మవరంలో కూర్చునే తీర్పు చెప్పాడు. వైశాఖంలో అన్నా వదినలు ఆ తీర్పు మోసుకొని వచ్చారు. తొట్టి నీళ్ళు అప్పటికే పచ్చగా తిరిగి ఉన్నాయి. పెంకు సంగతి సరే, మోచేయి ముంచితే వేళ్ళు కనబడేవి కావు.

"పాపా, ఈ తొట్టి పూడ్పిచ్చేద్దాం. మట్టి నేను తోలిస్తా," అన్నాడు అన్న. నాకు యాభై మూడేళ్ళు వచ్చినా ఆయనకు నేను పాపనే.

"ఎందుకన్నా?"

"నైరుతిలో చెడిన నీళ్ళుంటే పెద్దకొడుకు గుండెకు దెబ్బంట."

"ఇదే నైరుతిలో నాయన నలభై ఏండ్లు నీళ్ళు పోసినాడు. అప్పుడు నీ గుండెకు ఏమీ కాల్యా కదా?"

"అప్పుడు దినమూ మారే నీళ్ళు. ఇప్పుడు నిలవ నీళ్ళు. నువ్వే చూడు, యెట్ల ఉండాయో."

"ముప్పై ఏండ్లు బీడీలు కాల్చినావు. కట్ట యే జేబులో పెట్టుకుంటావు? ఎడమ జేబులో. గుండె యాడుండాది? నీ సిద్ధాంతి ఆ దిక్కు చూసినాడా?"

అన్న నవ్వాడు. వదిన నవ్వలేదు. "నీకు నగులాటగా ఉండాదేమ్మా? ఆపరేషన్ గది బయట నాలుగు గంటలు కూర్చున్నది నేను. నువ్వు కాదు," అంది.

భయపడే హక్కు ఆమెకు ఉంది. కానీ భయం ఎంత నిజమైనా అది ఆధారం కాదని ఆమెకు చెప్పే ధైర్యం నాకు ఆ రోజు రాలేదు. చెప్పగలిగింది ఒక్కటే చెప్పాను. "తొట్టి పూడ్చను. నీళ్ళు పచ్చబడినాయి, నిజమే. దానికి కారణం ఉంటుంది. కారణం పట్టుకుంటా."

అన్న గట్టు మీద వంగి పచ్చని నీళ్ళలోకి చూశాడు. చిన్నప్పుడు నాయన పక్కన నిలబడి నూలు జాడించింది ఆయనే. నేను గట్టున కూర్చుని చదువుకునేదాన్ని. అన్న లేచి నిలబడి, "సరే. శ్రావణం ఆఖరి శనివారం వస్తా. పెంకు కనపడితే ఇంక నోరెత్తను. కనపడకపోతే ట్రాలీ మట్టి గేటు కాడ ఉంటాది," అన్నాడు. నేను ఒప్పుకున్నాను. సిద్ధాంతి ఫోను కంటే నాయన పెంకు మెరుగైన పరికరమన్న ఒక్క విషయంలో మేమిద్దరం ఏకాభిప్రాయానికి వచ్చాం.

కారణం నాకు ముందే తెలుసనుకున్నాను. మా వీధిలో ఒకామెకు శనిదోషం ఉందని, చేపలకు పిండి ఉండలు వేస్తే పోతుందని ఎవరో జాతకం చూసి చెప్పారట. ఆమె మా తొట్టికి వచ్చింది. తరువాత ఇంకొకరు. చూస్తుండగానే శనివారం వచ్చేసరికి తొమ్మిది మంది ఆడవాళ్ళు తడి గోధుమపిండి ఉండలతో గేటు దగ్గర నిలబడేవారు. మొగమాటానికి రెండేళ్ళు ఊరుకున్నాను. చేపలు తినగా మిగిలిన పిండి అడుగున కుళ్ళి, కుళ్ళిన దాని సారంతో కంటికి కనబడని నాచు పెరిగి నీళ్ళు పచ్చబడ్డాయన్నది నా వాదం. గేటుకు తాళం వేసి, "చేపలకు ఏమీ వేయరాదు" అని అట్టముక్క మీద రాసి కట్టాను.

ఆ శనివారం ఎదురింటి అక్క వచ్చింది. చామంతులు సాగుచేసి, మాల కట్టి బస్టాండు దగ్గర అమ్మే మనిషి. నాకంటే పదేళ్ళు పెద్దది. అట్టముక్కను చదివించుకుని విని, గేటు కమ్మీలు పట్టుకుని పిలిచింది.

"ఏం మేడమ్మా, మా చేతులకు ఇషం ఉండాదా?"

"విషం కాదక్కా. పిండి మురిగి నీళ్ళు చెడిపోతాండాయి."

"మా నిమ్మకాయంత ఉండతోనా? మరి నువ్వు శనారం శనారం సంచిలో తెస్తావే, ఆ కంపు పురుగులు? అవి యాడికి పోతాండాయి? ఆకాశానికా?"

"అవి మంచి బలం ఉన్న తిండక్కా. లెక్క చూసి వేస్తాను."

"లెక్క చూసి పెడితే చేప పియ్యి పెట్టదా?"

వెనక నిలబడ్డ ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. నేను తాళం తియ్యలేదు. జాతకాలను నమ్మే మనిషితో వాదమేమిటని లోపలికి వచ్చేశాను.

ఆ కంపు పురుగుల సంగతి చెప్పాలి. హిందూపురంలో పట్టుగూళ్ళను వేడినీళ్ళలో వేసి దారం తీసే రీలింగ్ యూనిట్లు ఉన్నాయి. దారం తీశాక గూడులో మిగిలే ప్యూపాను కోళ్ళకూ చేపలకూ మేతగా వాడతారు. ఎండబెట్టిన ప్యూపాలో సగానికి సగం మాంసకృత్తులు. తెలిసిన యూనిట్ ఒకటి కళాశాల వెనక సందులో ఉండేది. ప్రతి శనివారం అక్కడ అరకిలో పొట్లం తీసుకుని, సంచిలో రెండు కవర్ల మధ్య చుట్టి రైలెక్కేదాన్ని. పట్టుపురుగు పుణ్యాన బతికే ఈ ప్రాంతంలో చేపలకు కూడా పట్టుపురుగే పెట్టాలన్న ఆలోచన నాకు ఎంతో శాస్త్రీయంగా, కొంత గర్వంగా కూడా ఉండేది. రైల్లో నా పక్క సీటు మాత్రం ఎప్పుడూ ఖాళీయే. ఒకసారి మడకశిర నుంచి వచ్చి హిందూపురంలో రైలెక్కిన ఒక పెద్దాయన కూర్చున్నంత వేగంగానే లేచాడు.

"ఏమ్మా, ఆ సంచిలో ఏముండాది? ఎలుక సచ్చినట్ల వాసన!"

"చేపలకు తిండి సామీ."

"చేపలు బతికేదేమో గానీ, ఈడ మనుషులు సచ్చిపోతాండారు తల్లీ," అని కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరి ముక్కూ నాకు ఆధారంగా తోచలేదు.

తాళం వేసి మూడు వారాలు గడిచాయి. ఒక్క పిండి ఉండ కూడా తొట్టిలో పడలేదు. నీళ్ళు తేటబడవలసింది, ఇంకా చిక్కబడ్డాయి. జ్యేష్ఠం ఆఖరులో ఒకరోజు తెల్లవారేటప్పటికి రెండు చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి. మిగతావన్నీ నీటి పైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయి. రాత్రంతా నాచు, కుళ్ళు కలిసి నీటిలోని ప్రాణవాయువును పీల్చేస్తే తెల్లవారుజామున చేపలు చేసేది అదే. తరగతి గదిలో ఈ విషయం ఎన్నోసార్లు చెప్పాను. నా తొట్టిలో చూడడం అదే మొదటిసారి. చనిపోయిన చేపలను చేటలో వేసుకుని కరివేపాకు చెట్టు మొదట్లో పాతుతుంటే, గేటు అవతల నుంచి అక్క చూస్తూ నిలబడింది. ఈసారి ఎగతాళి చెయ్యలేదు. "గేటుకైతే తాళమేసినావు. సంచికి యెప్పుడు ఏస్తావు?" అని మాత్రం అంది.

ఆ ప్రశ్న నేను నా విద్యార్థులను అడగవలసింది. ఒక కారణాన్ని తీసేశాక ఫలితం మారకపోతే అది కారణం కాదు, లేదా ఒక్కటే కారణం కాదు. తీసెయ్యకుండా మిగిలినదాన్ని చూడాలి. మిగిలింది నా చెయ్యి. ఆ పొద్దున రైలు వదిలేసి, కళాశాలకు సెలవు చెప్పి, అక్క ఇంటికి పోయాను.

"అక్కా, తొమ్మిది ఉండలు చేసి ఇస్తావా? మామూలుగా చేసేటంత."

"ఎందుకు? వేసేదానికా?"

"తూచేదానికి."

ఆమె నా మొహంలోకి చూసి పిండి కలిపింది. వంటింటి త్రాసు మీద తొమ్మిది ఉండలు పెట్టాను. తరువాత నేను వారమంతా వేసే ప్యూపా పెట్టాను. పిండిలో మాంసకృత్తులెంత, ప్యూపాలో ఎంత అని కాగితం మీద లెక్క వేశాను. నీటిలోకి చివరికి అమ్మోనియాగా చేరి నాచుకు ఎరువయ్యే పదార్థం, తొమ్మిది మంది చేతుల నుంచి వచ్చినదానికి పది రెట్లకు తక్కువ కాకుండా, నా ఒక్కదాని చేతి నుంచి వచ్చింది. చేపలకు ఎంత బలమో లెక్కించాను. అవి విసర్జించేది ఎంతో లెక్కించలేదు. అక్క గేటు దగ్గర అడిగింది సరిగ్గా ఆ లెక్కే.

అయినా కాగితం మీద లెక్క రుజువు కాదు. నాలుగు తెల్ల పెయింటు బకెట్లు కడిగి, వాటిలో బోరు నీళ్ళు నింపి, ఒక్కో చెంబు తొట్టి నీళ్ళు కలిపి మిద్దె మీద ఎండలో పెట్టాను. మొదటి దానిలో ఏమీ వెయ్యలేదు. రెండవ దానిలో పిండి, మూడవ దానిలో ప్యూపా, తొట్టిలో పడే నిష్పత్తిలోనే వేశాను. నాలుగవ దానిలోనూ ప్యూపాయే. కానీ పైన గోనెపట్ట కప్పాను. పదకొండు రోజులకు మొదటి బకెట్టులో అడుగు కనబడుతోంది. రెండవది కాస్త మసకబారి, లేతపచ్చ తిరిగింది. మూడవది గోంగూర ఉడికించిన నీళ్ళలా ఉంది. పైన రంగులు తేలే సన్నని నూనె పొర. ఆ పొర తొట్టిలోనూ ఉండేది. అదేమిటని అడిగినవాళ్ళకు "ఏమీ కాదు" అని నేనే చెప్పి పంపాను. నాలుగవది పచ్చబడలేదు గానీ వాసన భరించలేకపోయాను. నీడ పచ్చదనాన్ని ఆపింది, కుళ్ళును ఆపలేదు.

అక్కను మిద్దె మీదికి పిలిచి బకెట్లు చూపించాను. "తప్పు నాది," అన్నాను.

ఆమె నాలుగింటిలోకీ వంగి చూసి, మూడవదాని దగ్గర ముక్కు మూసుకుంది. "ఇంత చదువుకోని పదకొండు దినాలు పట్టిందా మేడమ్మా? మేము వాసన చూసే చెప్పింటిమే."

"వాసన చూసి చెప్పినదానికీ, చూపించి చెప్పినదానికీ తేడా ఉందక్కా."

"ఉండాది. పదకొండు దినాలు తేడా."

అయితే నేను తాళం తియ్యలేదు. పిండి ఉండల పాపం చిన్నదే గానీ సున్నా కాదని రెండవ బకెట్టు చెప్పింది. శనిదోషం సంగతి ఏ బకెట్టూ చెప్పలేదు. అక్క కాసేపు గొణిగి ఊరుకుంది. నా సంచి కూడా లోపలికి రాదన్న హామీ మీద ఆమె మిగతా ఎనిమిది మందినీ ఆపింది.

అసలు పని అప్పుడు మొదలైంది. తొట్టి చేపల నీళ్ళు తేటగా ఉంచడమంటే ఏదో కలపడమని అందరూ అనుకుంటారు. నిజానికి అది చాలావరకు తీసెయ్యడం. రెండు వారాలు చేపలకు ఏమీ పెట్టలేదు. అవి దోమపిల్లలను, గోడల నాచును గీరుకుని తిని హాయిగా బతికాయి. తరువాత వారానికి మూడుసార్లు చిటికెడు మేత, అది కూడా అవి రెండు నిమిషాల్లో ఖాళీ చెయ్యగలిగినంతే. సన్న పైపు ఒక కొస అడుగున పెట్టి, రెండో కొస గట్టు కింద పెట్టి, అడుగు మడ్డిని కొద్దికొద్దిగా లాగాను. కాటుకలాంటి ఆ మడ్డిని అక్క బకెట్లతో తన చామంతులకు మోసుకుపోయింది. వారానికి నాలుగో వంతు నీళ్ళు మార్చాను. రెండు నీలం డ్రమ్ముల్లో కంకర, ఇటుక ముక్కలు నింపి, చిన్న మోటారుతో తొట్టి నీళ్ళను వాటి గుండా తిప్పి మళ్ళీ తొట్టిలోకే పారించాను. ఆ ఇటుకల మీద పేరుకునే బ్యాక్టీరియా అమ్మోనియాను విరిచి, అంత హాని చెయ్యని రూపంలోకి మారుస్తుంది. నీళ్ళు మార్చినప్పుడల్లా ఆ మారిన రూపమూ కొంత బయటికి పోతుంది. ఆ బ్యాక్టీరియా పేరుకోవడానికి ఐదారు వారాలు పడుతుంది. ఆ ఐదారు వారాలూ చూడవచ్చిన వాళ్ళంతా, "తొట్లో నీళ్ళు తీసి తొట్లోకే పోస్తాండావు, నీకేమన్నా తిక్కనా?" అని అడిగి పోయారు. ఎంతమంది అడిగినా మోటారు ఆపలేదు.

పొద్దున ఆరున్నరకు, రైలుకు పోయే ముందు, తొట్టిలోకి చూసి పుస్తకంలో రాసుకునేదాన్ని. ఆషాఢమంతా "కనబడలేదు." శ్రావణం మొదటి వారంలో "అనుమానం." రెండవ వారంలో "అనుమానం." పుస్తకంలో అబద్ధం రాసుకోవడానికి నాకు చెయ్యి రాదు. గడువు ఇంకా పది రోజులుంది.

అప్పుడే వదిన ఫోను చేసింది. ఆమె స్వరంలో పంతం లేదు, అలసట ఉంది. "ఆయప్ప మట్టికి చెప్పేసినాడు. నీకు ఇష్టం లేనిది చెయ్యాల్నని నాకు మాత్రం ఉండాదా? ఇంట్లో పటిక ఉండాదేమో చూడు. ముందు దినం కలిపితే నీళ్ళు తేరుకుంటాయి. పెంకు కనపడితే సాలు కదా," అంది.

ఆమె చెప్పింది నిజం. నేను చూశాను కూడా. నాయన రంగులకు వాడిన పటిక గడ్డ ఒకటి అటక మీద మిగిలి ఉంది. గాజు సీసాలో తొట్టి నీళ్ళు పట్టి, చిటికెడు పటిక పొడి వేశాను. గంటలో నాచు అంతా దూదిలా అడుగుకు దిగి, పైనీళ్ళు అద్దంలా నిలబడ్డాయి. తొట్టి మొత్తానికి ఎంత కావాలో కూడా లెక్క తేలింది. ఒక్క రోజుకు పెంకు కనబడుతుంది. అన్న వెనక్కి పోతాడు. అడుగున దిగిన నాచు కుళ్ళి వారంలో నీళ్ళు మళ్ళీ పచ్చబడతాయి. అన్న కోసం పెట్టిన పరీక్షలో పటికతో గెలిస్తే, నీళ్ళ గురించి నాకు తెలిసినది ఏమిటి? తేటగా కనబడడం వేరు, శుభ్రంగా ఉండడం వేరు. సీసాను మొక్కల్లో పారబోసి, పటిక గడ్డను అటక మీదికే విసిరాను. ఓడితే నిజంగానే ఓడతాను గానీ, నీళ్ళ చేత అబద్ధం చెప్పించను.

ఆఖరి శనివారానికి మూడు రోజుల ముందు, పొద్దున ఆరున్నరకు, అడుగున తెల్లగా ఒక మూల కనబడింది. శుక్రవారం నీలం గీత కూడా కనబడింది. మబ్బులు పట్టి ఎండ తగ్గడం వల్ల నాచు తగ్గిందేమోనన్న అనుమానం ముందుగా నాకే వచ్చింది. అందుకే ఆషాఢం నుంచి ఒక బకెట్టులో ఇంట్లో మిగిలిన ప్యూపా వేస్తూ తొట్టి పక్కనే ఉంచాను. అదే మబ్బుల కింద ఆ బకెట్టు ఇంకా గోంగూర రంగులోనే ఉంది. పుస్తకంలో "కనబడింది" అని రాసి, కింద గీత గీశాను.

శనివారం పొద్దునే ట్రాలీ వచ్చి గేటు ముందు ఆగింది. డ్రైవరు వేపచెట్టు నీడలో తువ్వాలు పరిచి పడుకున్నాడు. అన్నా వదినలు మధ్యాహ్నం రైలుకు దిగి, ఇంటికి వచ్చేసరికి మూడు గంటలైంది. మబ్బు విడిపోయి, ఎండ పెళపెళలాడుతోంది. అక్క, పిలవకుండానే, కొంగు నడుముకు చుట్టుకుని వచ్చి నిలబడింది.

అన్న గట్టు మీద చేతులానించి వంగాడు. నేను పక్కన వంగాను. నీళ్ళ మీద ఆకాశం తప్ప ఏమీ లేదు. తెల్లని ఎండ, వేపచెట్టు కొమ్మలు, మా ఇద్దరి తలలు. అటు జరిగాను, ఇటు జరిగాను. నిన్న పొద్దున స్పష్టంగా చూసిన పెంకు లేదు.

"కనపడల్యా పాపా," అన్నాడు అన్న, నెమ్మదిగా.

"కనపడకపోవడమేంది సామీ? అదో, తెల్లగా, నట్టనడిమధ్యన! నాకు కనపడతాంది," అంది అక్క, వేలు చాపి. దాదాపు మూడు నెలల కిందట గేటు కమ్మీలు పట్టుకుని నన్ను తిట్టిన మనిషి.

పెంకు నడిమధ్యన లేదు. తూర్పు గోడ దగ్గర ఉంది. నేను ఊరుకుంటే అన్న ఆ మాట పట్టుకునేవాడేమో. ఓడిపోవాలని ఆయనకూ తొందర ఉన్నట్టే ఉంది. కానీ నోరు ఊరుకోలేదు. "లేదక్కా. అది నడిమధ్యన లేదు. నాకు కూడా కనపడలేదు," అన్నాను. "అన్నా, మాట ప్రకారం ఇప్పుడు కనపడలేదు. నిన్న కనపడింది, పుస్తకంలో ఉంది. కనపడకపోయినా సరే, ఈ తొట్టి పూడ్చనివ్వను. మట్టి పోయాలంటే ముందు నేను దిగి నిలబడతాను. నీ గుండెకూ దీనికీ సంబంధం ఉందని ఎవరైనా చూపిస్తే, ఆ రోజు పార నేనే పట్టుకుంటా."

"ఏమప్పా, పోసేదా వద్దా?" అని డ్రైవరు గేటు దగ్గర నుంచి కేకేశాడు.

"ఉండబ్బా," అన్నాడు అన్న. ఆయన నా వైపు చూడడం లేదు. నీళ్ళ మీది ఎండను చూస్తున్నాడు. "నువ్వు యే పొద్దులో చూస్తావు?"

"ఆరున్నరకు. రైలుకు పోయే ముందు."

"అప్పుడు ఇంటి నీడ దీని మీదుంటాది. యెండపొద్దులో యెప్పుడన్నా చూసినావా?"

చూడలేదు. అందరి మాటలనూ తూచిన దాన్ని, నా చూపును ఒక్క వేళలోనే చూసుకున్నాను. అన్న లోపలికి పోయి, తలుపు వెనక వెతికి, దుమ్ము దులుపుకుంటూ నాయన నల్ల గొడుగు తెచ్చాడు. ఒక కమ్మీ విరిగి వేలాడుతోంది. దాన్ని విప్పి తొట్టి మీదికి చాపాడు. "నాయన దీన్ని యెందుకు పట్టుకునేవాడు అనుకున్నావు? నెత్తికా?"

గొడుగు నీడలో ఆకాశం ఆరిపోయింది. దాని కింద రెండున్నర అడుగుల నీళ్ళు, ఒక చేప, చేప కింద దాని నీడ, తూర్పు గోడకు జానెడు ఇవతల పావు సాసరు. అంచున గీత నీలంగా ఉంది.

"గీత కూడా కనపడతాంది," అన్నాడు అన్న. అక్క వంగి చూసి, "నడిమధ్యన లేదే!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వదిన కూడా చూసింది. చూసి ఊపిరి వదిలింది. "నీళ్ళు తేటగుంటే నైరుతిలో ఉన్నా దోషం పోతాదని సిద్ధాంతి అన్నాడు లే. పోయింది, సాలు," అంది.

"పోలేదు వదినా. లేనిది ఎట్ల పోతాది?"

"గెల్చినావు కదా! ఇంకా యెందుకే?" అన్నాడు అన్న.

గెలిచినందుకే. ఈ రోజు తేటనీళ్ళు ఆయన గుండెను కాపాడాయని ఒప్పుకుంటే, రేపు నీళ్ళు పచ్చబడి ఆయన ఛాతీలో కలుక్కుమన్న రోజున మళ్ళీ ఈ తొట్టే ముద్దాయి అవుతుంది. ఆ రోజు డాక్టరు దగ్గరికి కాకుండా మట్టికి ఫోను చేస్తారు. నాకు అనుకూలమైన అబద్ధమైనా సరే, ఈ గట్టు మీద చెల్లదని వదినకు నచ్చజెప్పబోయి, అన్న వైపు తిరిగాను. "ఎడమ జేబు చూపించు."

చూపించాడు. మాత్రల అట్ట ఉంది.

"కుడి జేబు?"

అన్న గొడుగు ముడిచి ఇంట్లోకి నడిచాడు. వదిన ఆయన వెనకే పోయింది, "చూపియ్యి, చూపియ్యి ఆయమ్మకు" అంటూ. ట్రాలీ మట్టిని అక్క తన చామంతి మళ్ళలో పోయించుకుంది.

ఇప్పుడు శనివారం సాయంత్రం నేను రైలు దిగి వచ్చేసరికి అక్క మా గేటు దగ్గర నిలబడి ఉంటుంది. "సంచి," అంటుంది. విప్పి చూపిస్తాను. పుస్తకాలు, టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా. ఆమె ఒక్కోటీ పక్కకు జరిపి, అడుగుదాకా చూసి, వాసన కూడా చూసి, అప్పుడు పక్కకు తప్పుకుంటుంది. నేను లోపలికి పోయి, గొడుగు తీసుకుని, చెప్పులు విప్పకుండానే తొట్టి గట్టున కూర్చుంటాను.